లైనక్స్‌లో బ్రౌజర్ మెమరీకి హద్దు పెట్టాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ర్యామ్ నిండిపోగానే లైనక్స్ ఏ ప్రోగ్రామ్‌నూ మూసేయదు. ముందు మౌస్ బాణం ముక్కముక్కలుగా కదులుతుంది, తర్వాత ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆ సమయంలో కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) ఖాళీ చోటు కోసం ప్రోగ్రాముల కోడ్ పేజీలను (మెమరీలోని చిన్న ముక్కలను) సైతం ర్యామ్‌లోంచి తీసేసి, మరుక్షణం అవే కావాల్సివచ్చి మళ్లీ డిస్క్ నుంచి చదువుకుంటూ ఉంటుంది. ఇలా నిమిషాల తరబడి సాగవచ్చు. డెస్క్‌టాప్ మీద ఈ పరిస్థితికి కారణం చాలాసార్లు బ్రౌజరే.

దీనికి మందేమిటని వెతికితే సెట్టింగ్స్ మార్చమని ఒకరు, యూలిమిట్ (ప్రోగ్రాములకు హద్దులు పెట్టే ఆదేశం) పెట్టమని ఒకరు, సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాములను, సర్వీసులను నడిపే ఏర్పాటు) వాడమని ఒకరు, జీర్యామ్ (ర్యామ్‌లోని డేటాను కుదించి పెట్టే ఏర్పాటు) పెట్టుకోమని ఇంకొకరు చెబుతారు. ఇవన్నీ ఒకే పని చేసేవి కావు. కొన్ని బ్రౌజర్ ఆకలిని తగ్గిస్తాయి. కొన్ని దాని చుట్టూ కంచె కడతాయి. కొన్ని పరిస్థితి చేయిదాటుతున్నప్పుడు ఎవరిని ముగించాలో నిర్ణయిస్తాయి. కంచె కట్టినంత మాత్రాన ఆకలి తగ్గదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలామంది హద్దు పెట్టి, అంతకుముందుకన్నా ఎక్కువ చిరాకు పడుతున్నారు.

## ముందు కొలత సరిచూసుకోండి

మెమరీ వాడకం చూపే టాప్, హెచ్‌టాప్ ఆదేశాల్లో కనిపించే 'రెస్' కాలమ్ అంకెలన్నీ కూడితే బ్రౌజర్ వాడకం రాదు. బ్రౌజర్‌కు ఉండే పదుల ప్రాసెస్‌లు (విడివిడిగా నడిచే భాగాలు) ఒకే లైబ్రరీలను పంచుకుంటాయి. ఆ పంచుకున్న భాగం ప్రతి ప్రాసెస్ లెక్కలోనూ మళ్లీ మళ్లీ పడుతుంది. కావాల్సింది పీఎస్ఎస్ అనే లెక్క. అందులో పంచుకున్న పేజీలను వాడేవాళ్ల మధ్య భాగాలుగా విడగొడతారు. ఎస్‌మెమ్ అనే చిన్న పనిముట్టు దీన్ని చూపిస్తుంది. ఏ ట్యాబ్ ఎంత తింటోందో తెలియాలంటే ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో 'అబౌట్:ప్రాసెసెస్' కొట్టండి. క్రోమ్‌లో షిఫ్ట్+ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది.

'వర్ట్' కాలమ్‌ను వదిలేయండి. అందులో ఒక్కో క్రోమ్ ట్యాబ్‌కు ఒక టెరాబైట్ పైన కనిపించినా కంగారు పడక్కర్లేదు. అది వాడిన మెమరీ కాదు, వాడుకోవడానికి ముందే గీసిపెట్టుకున్న చిరునామాల జాగా. యూలిమిట్ ఎందుకు పనికిరాదో కూడా ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

## ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

మొదటిది: హద్దు ఒక్కో ప్రాసెస్‌కా, బ్రౌజర్ మొత్తానికా? ట్యాబ్‌కు 1 జీబీ అని పెడితే, ఇరవై ట్యాబ్‌లకు అది 20 జీబీ అనుమతే అవుతుంది.

రెండోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: హద్దు తగిలిన క్షణాన ఏం జరుగుతుంది? బ్రౌజర్ నెమ్మదిస్తుందా, ఒక ట్యాబ్ పోతుందా, బ్రౌజర్ మొత్తం పోతుందా? సగం నింపిన దరఖాస్తు ఫారం ఉన్న ట్యాబ్ పోవడమూ, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన వార్తల పేజీ పోవడమూ ఒకటి కాదు.

మూడోది: ఆ పద్ధతి వాడకాన్ని నిజంగా తగ్గిస్తుందా, లేక మిగతా ప్రోగ్రాములను కాపాడుతుందా? ఇవి కాక రూట్ (నిర్వాహకుడి) హక్కులు కావాలా, బ్రౌజర్ స్నాప్ (ఉబుంటు వాడే ప్రత్యేక ప్యాకేజీ) రూపంలో ఉందా, మామూలు ప్యాకేజీయా అన్నవి కూడా చూసుకోవాలి.

| పద్ధతి | లెక్క దేనికి | హద్దు తగిలితే | వాడకం తగ్గుతుందా | రూట్ కావాలా |
|---|---|---|---|---|
| బ్రౌజర్ సెట్టింగ్స్ | ట్యాబ్‌లకు | వాడని ట్యాబ్ దిగిపోతుంది, నొక్కితే మళ్లీ లోడవుతుంది | అవును | వద్దు |
| సిస్టమ్‌డీ-రన్ | బ్రౌజర్ మొత్తానికి | ముందు నెమ్మదిస్తుంది, ఆపై ట్యాబ్ క్రాష్ | కొంతవరకు, స్వాప్ (ర్యామ్‌లోని పేజీలను తీసి పెట్టే అదనపు చోటు) ఉంటే | వద్దు |
| యూలిమిట్, ఫైర్‌జైల్ (ప్రోగ్రామ్‌ను బంధించి నడిపే పనిముట్టు) హద్దు | ఒక్కో ప్రాసెస్‌కు | తెరుచుకోదు, లేదా ఎప్పుడంటే అప్పుడు క్రాష్ | లేదు | వద్దు |
| ఎర్లీఊమ్ | కంప్యూటర్ మొత్తానికి | ఒక ప్రాసెస్ ముగుస్తుంది | లేదు | అవును |
| సిస్టమ్‌డీ-ఊమ్‌డీ | సీగ్రూప్‌లకు (కెర్నల్ కలిపి లెక్కించే ప్రాసెస్‌ల గుంపులకు) | గుంపు మొత్తం ముగుస్తుంది | లేదు | అవును |
| జీర్యామ్ | కంప్యూటర్ మొత్తానికి | కుదించి పెట్టుకుంటుంది | పరోక్షంగా | అవును |

## బ్రౌజర్ సొంత సెట్టింగ్స్

ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలి. ఏ పేజీ ఎప్పుడు వాడారో బ్రౌజర్‌కు తెలుసు, కెర్నల్‌కు తెలియదు.

క్రోమ్‌లో సెట్టింగ్స్, ఆపై పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేయండి. మోడరేట్, బ్యాలెన్స్‌డ్, మ్యాగ్జిమమ్ అని మూడు స్థాయిలుంటాయి. 8 జీబీ లేదా అంతకు తక్కువ ర్యామ్ ఉంటే మ్యాగ్జిమమ్ పెట్టండి. మెయిల్, చాట్ లాంటివి దిగిపోకుండా ఉండాలంటే కిందే ఉన్న జాబితాలో ఆ సైట్లను చేర్చండి. పాట మోగుతున్న ట్యాబ్‌ను, పిన్ చేసిన ట్యాబ్‌ను, సగం నింపిన ఫారం ఉన్న ట్యాబ్‌ను అది ఎలాగూ ముట్టుకోదు.

ఫైర్‌ఫాక్స్ పద్ధతి వేరు. కంప్యూటర్‌లో ఖాళీ మెమరీ బాగా పడిపోయినప్పుడే అది ట్యాబ్‌లను దించుతుంది. లైనక్స్‌లో మెమరీ కరువును ఇలా ఎదుర్కోవడం 2022లో వచ్చిన 105వ వెర్షన్ నుంచి మెరుగుపడింది. 'అబౌట్:అన్‌లోడ్స్' పేజీలో తర్వాత ఏ ట్యాబ్ దిగబోతోందో వరుసగా కనిపిస్తుంది. అక్కడి బటన్‌తో ఒక్కొక్కటిగా మీరే దించవచ్చు. 140వ వెర్షన్ నుంచి ట్యాబ్ మీద కుడి క్లిక్ చేసినా అన్‌లోడ్ ట్యాబ్ వస్తుంది. కరువు వచ్చేదాకా ఆగకుండా, ఇన్ని నిమిషాలు ముట్టుకోని ట్యాబ్ దిగిపోవాలి అనుకుంటే ఆటో ట్యాబ్ డిస్కార్డ్ అనే ఎక్స్‌టెన్షన్ ఆ పని చేస్తుంది. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ కూడా మెమరీ ఆదా కిందికే వస్తుంది. లోడ్ కాని స్క్రిప్ట్ మెమరీ తినదు కదా.

ఒక పాత చిట్కా గురించి: ఫైర్‌ఫాక్స్‌లో కంటెంట్ ప్రాసెస్‌ల సంఖ్య తగ్గించమని ఇప్పటికీ చెబుతుంటారు. ఒక్కో సైట్‌ను విడి ప్రాసెస్‌లో ఉంచే ఏర్పాటు వచ్చాక ఆ అంకెతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. సైట్లను వేరుచేసే ఆ ఏర్పాటునే ఆపేస్తే మెమరీ మిగులుతుంది కానీ, ఒక సైట్ గుట్టు మరో సైట్‌కు అందకుండా కాపాడే గోడ పడిపోతుంది. బ్యాంకు పనులు చేసే బ్రౌజర్‌లో ఆ బేరం వద్దు.

ఈ పద్ధతి లోటు ఒకటే: ఇది హామీ కాదు. ఎదురుగా తెరిచి ఉన్న ఒక్క ట్యాబే 4 జీబీకి ఉబ్బితే మెమరీ సేవర్ ఏమీ చేయలేదు. బరువైన మ్యాపులు, డిజైన్ పనిముట్లు, రోజంతా తెరిచి ఉంచే డ్యాష్‌బోర్డులు అలా ఉబ్బుతాయి.

## సిస్టమ్‌డీ-రన్: అసలైన కంచె

బ్రౌజర్ మొత్తానికి ఇంత అని గట్టి హద్దు కావాలంటే సీగ్రూపే మార్గం. బ్రౌజర్ పుట్టించే ప్రతి ప్రాసెస్ అదే సీగ్రూప్‌లో ఉంటుంది కాబట్టి లెక్క గుంపుకు పడుతుంది. సీగ్రూప్ రెండో వెర్షన్ ఉండాలి. ఫెడోరా 31, డెబియన్ 11, ఉబుంటు 21.10 నుంచి అదే మామూలుగా వస్తోంది.

ఆదేశాన్ని పలికినట్టు రాస్తే ఇలా ఉంటుంది:

సిస్టమ్‌డీ-రన్ --యూజర్ --స్కోప్ -పీ మెమరీహై=3జీ -పీ మెమరీమ్యాక్స్=4జీ -పీ మెమరీస్వాప్‌మ్యాక్స్=1జీ ఫైర్‌ఫాక్స్

టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. మెమరీహై లాంటి పేర్లలో మధ్య ఖాళీ ఉండదు, ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది. 3 పక్కన ఉండేదీ పెద్ద జీ అక్షరమే.

ఈ మూడు అంకెల పనీ వేర్వేరు. మెమరీహై మెత్తని హద్దు. అది దాటితే కెర్నల్ ఎవరినీ చంపదు. ఆ గుంపులోని పాత పేజీలను బయటికి నెడుతూ, ఇంకా అడుగుతున్న ప్రాసెస్‌ను కావాలని ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం ఒక్కో దఫాకు 2 సెకన్ల వరకు పోవచ్చు. మెమరీమ్యాక్స్ గట్టి గోడ. అక్కడికి చేరి, ఖాళీ చేయడానికి ఇంకేమీ మిగలకపోతే ఆ గుంపులోనే ఒక ప్రాసెస్‌ను కెర్నల్ ముగిస్తుంది. బ్రౌజర్లు తమ ట్యాబ్ ప్రాసెస్‌లను ముందు వదులుకోవడానికి వీలుగా గుర్తు పెట్టుకుంటాయి కాబట్టి సాధారణంగా పోయేది ఒక ట్యాబే. ఆ చోట క్రాష్ పేజీ కనిపిస్తుంది. మీ ఎడిటర్‌కూ, టెర్మినల్‌కూ ఏమీ కాదు.

మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. స్వాప్‌కు హద్దు పెట్టకపోతే 4 జీబీ కంచె లోపలి బ్రౌజర్ ఆపైన ఉన్న స్వాప్ మొత్తాన్నీ తినేయగలదు. స్వాప్ జీర్యామ్ మీద ఉంటే మరీ ప్రమాదం. కుదించిన ఆ పేజీలు ఉండేది ర్యామ్‌లోనే, కానీ బ్రౌజర్ లెక్కలో పడవు.

ఎంత పెట్టాలి? మొదలుపెట్టడానికి ఈ అంకెలు బాగుంటాయి, తర్వాత మీ వాడకాన్ని బట్టి సవరించుకోండి.

| ర్యామ్ | మెమరీహై | మెమరీమ్యాక్స్ | మెమరీస్వాప్‌మ్యాక్స్ |
|---|---|---|---|
| 4 జీబీ | 1800 ఎంబీ | 2500 ఎంబీ | 1 జీబీ |
| 8 జీబీ | 4 జీబీ | 5 జీబీ | 1 జీబీ |
| 16 జీబీ | 8 జీబీ | 10 జీబీ | 2 జీబీ |

### ఎక్కడ దెబ్బతింటుంది

స్వాప్ అసలే లేని కంప్యూటర్‌లో మెమరీహై పెడితే బ్రౌజర్ చావదు, బతకదు. జావాస్క్రిప్ట్ డేటాను నెట్టడానికి బయట చోటు లేదు. కాబట్టి ఖాళీ అయ్యేదేమీ లేకుండానే ఆలస్యం మాత్రం పడుతుంది. పేజీ స్క్రోల్ చేస్తే అర నిమిషానికి కదిలే స్థితి వస్తుంది. స్వాప్ లేనివాళ్లు మెమరీహై వదిలేసి మెమరీమ్యాక్స్ ఒక్కటే పెట్టండి. ట్యాబ్ క్రాష్ అయినా వెంటనే తెలుస్తుంది, మళ్లీ తెరుచుకోవచ్చు.

రెండో చిక్కు: బ్రౌజర్ అప్పటికే నడుస్తుంటే ఈ ఆదేశం పాత బ్రౌజర్‌లోనే కొత్త విండో తెరిచి ముగిసిపోతుంది. హద్దు దేనికీ పడదు. ముందు బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మొదలుపెట్టాలి. ఐకాన్ నొక్కినా, మెయిల్‌లోని లింకు నొక్కినా హద్దుతోనే తెరుచుకోవాలంటే బ్రౌజర్ డెస్క్‌టాప్ ఫైలును మీ హోమ్ ఫోల్డర్‌లోని లోకల్/షేర్/అప్లికేషన్స్‌లోకి కాపీ చేసి, 'ఎగ్జెక్=' తర్వాత ఈ ఆదేశాన్ని చేర్చండి. లోకల్ ఫోల్డర్ పేరు ముందు చుక్క ఉంటుంది. ఆ ఫైలులో ఎగ్జెక్ వరుసలు ఒకటి కాదు. కొత్త విండోకొకటి, ప్రైవేట్ విండోకొకటి ఉంటాయి. అన్నిటినీ మార్చాలి.

మూడోది స్నాప్, దానిలాంటిదే అయిన ఫ్లాట్‌ప్యాక్ వాడేవాళ్లకు. ఇవి ప్రోగ్రామ్‌ను తమ సొంత స్కోప్‌లోకి (సిస్టమ్‌డీ పేరు పెట్టి నడిపే సీగ్రూప్‌లోకి) తరలించుకుంటాయి, మీ కంచె ఖాళీగా మిగిలిపోతుంది. ఉబుంటులో మామూలుగా వచ్చే ఫైర్‌ఫాక్స్ స్నాపే. ఇక్కడ బ్రౌజర్ తెరిచాక సిస్టమ్‌డీ-సీజీఎల్ఎస్‌తో దాని స్కోప్ పేరు కనుక్కుని, 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ సెట్-ప్రాపర్టీ' ఆదేశానికి ఆ పేరూ, పై అంకెలూ ఇవ్వండి. నడుస్తున్న బ్రౌజర్‌కు కూడా హద్దు వెంటనే పడుతుంది. కాకపోతే స్కోప్ పేరు ప్రతిసారీ మారుతుంది కనుక మళ్లీ మళ్లీ చేయాలి.

నాలుగోది కొత్త సిస్టమ్‌డీలో వచ్చింది. 253వ వెర్షన్ నుంచి స్కోప్‌లకు కూడా ఊమ్‌పాలసీ (మెమరీ చాలక ఒక ప్రాసెస్ పోతే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) వర్తిస్తోంది. అది 'స్టాప్' అని ఉంటే, కెర్నల్ ఒక్క ట్యాబ్‌ను ముగించగానే సిస్టమ్‌డీ బ్రౌజర్ మొత్తాన్నీ మూసేస్తుంది. ఒక ట్యాబ్ పోవాల్సిన చోట అన్నీ పోతున్నాయంటే కారణం ఇదే కావచ్చు. ఆదేశంలో '-పీ ఊమ్‌పాలసీ=కంటిన్యూ' కూడా చేర్చండి.

ఆఖరుది చిక్కు కాదు, అపోహ. సీగ్రూప్ లెక్కలో బ్రౌజర్ చదివిన ఫైళ్ల కాష్ కూడా పడుతుంది. అందుకే వాడకం ఎప్పుడూ మెమరీహై దగ్గరే నిలబడ్డట్టు కనిపించవచ్చు. కాష్‌ను తేలిగ్గా తీసేయొచ్చు కాబట్టి అది ప్రమాద సూచన కాదు.

ఇంకొక ముఖ్య విషయం. ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లను దించాలా వద్దా అని చూసేది కంప్యూటర్ మొత్తంలో మిగిలిన మెమరీని. 16 జీబీలో బ్రౌజర్‌కు 4 జీబీ కంచె కడితే, బయట 9 జీబీ ఖాళీగా కనిపిస్తుంది కనుక అది నిశ్చింతగా ఉంటుంది, ఒక్క ట్యాబ్‌నూ దించదు. తర్వాత గోడకు గుద్దుకుంటుంది. కంచె కట్టిన ఫైర్‌ఫాక్స్‌కు సమయం చూసి దించే ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి అనడానికి కారణం ఇది.

## యూలిమిట్, ఫైర్‌జైల్: వద్దు

యూలిమిట్ -వీ హద్దు పెట్టేది చిరునామాల జాగాకు, అదీ ఒక్కో ప్రాసెస్‌కు. టెరాబైట్ జాగా గీసిపెట్టుకునే బ్రౌజర్‌కు 4 జీబీ అంటే తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా ఏదో పేజీ దగ్గర కూలుతుంది. ఫైర్‌జైల్‌లోని ఆర్‌లిమిట్-ఏఎస్ కూడా ఇదే హద్దు, పేరొక్కటే వేరు. యూలిమిట్ -ఎమ్ అయితే ఇప్పటి కెర్నల్‌లో ఏ పనీ చేయదు. 2.4.30 నుంచి దాన్ని పట్టించుకోవడం మానేశారు. ఆదేశం తప్పు చూపకుండా ఒప్పుకుంటుంది కనుక పనిచేస్తోందని భ్రమ పడతారు.

## ఎర్లీఊమ్, సిస్టమ్‌డీ-ఊమ్‌డీ

వీటి పని బ్రౌజర్‌ను అదుపు చేయడం కాదు, కంప్యూటర్ బిగుసుకుపోకముందే ఒకరిని పంపించేయడం. కంచె కట్టే ఓపిక లేనివాళ్లకు ఎర్లీఊమ్ మంచి ఎంపిక: ప్యాకేజీ వేసి, సర్వీస్ ఆన్ చేస్తే చాలు.

ఖాళీ ర్యామ్, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతం కిందికి పడితే అది మర్యాదగా ముగించమంటుంది, 5 శాతం కిందికి పడితే బలవంతంగా ముగిస్తుంది. ఇక్కడ 'రెండూ' అన్న మాట గమనించండి. హార్డ్ డిస్క్ మీద 16 జీబీ స్వాప్ ఉంటే, అది 90 శాతం నిండేలోపే డెస్క్‌టాప్ ప్రాణం పోతుంది. అలాంటి చోట -ఎస్ 100 అని ఇస్తే స్వాప్ లెక్క పక్కకు పోయి ర్యామ్ ఒక్కటే చూస్తుంది. --ప్రిఫర్‌తో ముందు ఎవరు పోవాలో, --అవాయిడ్‌తో ఎవరి జోలికి పోకూడదో చెప్పవచ్చు.

సిస్టమ్‌డీ-ఊమ్‌డీ ఒక్క ప్రాసెస్‌ను కాక సీగ్రూప్ మొత్తాన్నీ ముగిస్తుంది. ఉబుంటు 22.04లో అది మామూలుగా ఆన్ అయి వచ్చినప్పుడు, పని మధ్యలో బ్రౌజర్ మాయమైపోతోందని చాలామంది మొత్తుకున్నది అందుకే. బ్రౌజర్‌ను టెర్మినల్‌లోంచి తెరిస్తే రెండూ ఒకే గుంపులో ఉంటాయి కాబట్టి టెర్మినల్ కూడా పోతుంది. సర్వర్ పనులకు ఈ తీరు నప్పుతుంది. ట్యాబ్‌లలో పని దాచుకునేవారికి ఎర్లీఊమ్ నయం.

## జీర్యామ్

ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా మార్చేది జీర్యామ్. బ్రౌజర్ పేజీలు బాగానే కుదించుకుపోతాయి. ఫెడోరాలో 33 నుంచి ఇది మామూలుగా ఉంది. మిగతావాటిలో జీర్యామ్-జనరేటర్ వేసి, దాని సెట్టింగ్ ఫైలులో పరిమాణం ర్యామ్‌లో సగం, అల్గారిదమ్ జెడ్‌ఎస్‌టీడీ అని రాయండి. జీర్యామ్‌సీటీఎల్ కొడితే ఎంత డేటా ఎంతకు కుదిరిందో కనిపిస్తుంది. ప్రాసెసర్ మీద కొంచెం భారం పడుతుంది. మరీ పాత యంత్రాల్లో మాత్రమే అది తెలుస్తుంది.

## ఎవరికి ఏది

4 జీబీ ల్యాప్‌టాప్: జీర్యామ్, ట్యాబ్‌లు దించే ఏర్పాటు, ఎర్లీఊమ్. కంచె తర్వాత చూడొచ్చు. ఇంత తక్కువ ర్యామ్‌లో కంచె బిగిస్తే ట్యాబ్‌లు తరచూ కూలతాయి.

8 జీబీలో కోడ్ బిల్డ్ గానీ, వర్చువల్ మెషిన్ గానీ పక్కన నడిపేవాళ్లు: సిస్టమ్‌డీ-రన్ నిజంగా అక్కరకొచ్చేది మీకే. బ్రౌజర్ ఎంత ఉబ్బినా బిల్డ్ మధ్యలో ఆగకూడదు కదా. రెండు బ్రౌజర్లు వాడుతుంటే రెంటికీ కలిపి ఒక స్లైస్ (పలు స్కోప్‌లను కలిపి ఉంచే పెద్ద గుంపు) తయారుచేసి, అంకెలు ఆ స్లైస్ ఫైలులో రాసి, ఆదేశంలో --స్లైస్ ఇవ్వండి. కంచె ఒకటే ఉంటుంది, లోపల వాళ్లు సర్దుకుంటారు.

16 జీబీ ఉండి వంద ట్యాబ్‌లు తెరిచేవాళ్లు: కంచె కన్నా ముందు ట్యాబ్‌లను దించే ఎక్స్‌టెన్షన్ పెట్టండి. చాలామందికి అక్కడితోనే సమస్య తీరిపోతుంది.

ఒకే యంత్రాన్ని పలువురు వాడే చోట నిర్వాహకులు బ్రౌజర్‌ను కాక మనిషినే లెక్కలోకి తీసుకోవాలి. ఎట్సీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ కింద 'యూజర్-.స్లైస్.డీ' ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి, స్లైస్ శీర్షిక కింద మెమరీమ్యాక్స్ రాస్తే ప్రతి వాడుకరికీ విడిగా అదే హద్దు పడుతుంది.

## కంచె పనిచేస్తోందా?

స్కోప్ పేరుతో 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్' కొడితే మెమరీ వరుసలో ఇప్పటి వాడకం, పక్కనే హై, మ్యాక్స్ అంకెలు కనిపించాలి. అవి లేకపోతే హద్దు పడలేదు. పడి ఉంటే, ఆ సీగ్రూప్ ఫోల్డర్‌లోని 'మెమరీ.ఈవెంట్స్' ఫైలు తెరవండి. అందులో 'హై' అంకె మెల్లగా పెరుగుతుంటే పర్వాలేదు. బ్రౌజర్ మొరాయిస్తున్న వేళ 'మెమరీ.ప్రెజర్' ఫైలులో 'ఫుల్' వరుసలోని సగటు పదుల శాతంలో ఉంటే మెమరీహై మరీ బిగుతుగా ఉన్నట్టు: 500 ఎంబీ పెంచి చూడండి. 'ఊమ్_కిల్' రోజూ పెరుగుతుంటే మాత్రం అంకెలు పెంచే ముందు అబౌట్:ప్రాసెసెస్‌కు వెళ్లి ఏ సైట్ ఉబ్బుతోందో చూడండి. చాలాసార్లు ఒకే ఒక్క ట్యాబ్ దొరుకుతుంది.